గెడ్డ దాటీదాకా

మెల్లగా నడు, ఒలే డిల్లేస్సరీ.
ఊపితే లోపల మైనం ఇరిగిపోద్ది.
మొగం కాడ గడ్డి కుక్కినాను, గాలాడుద్ది.
ఇనబడతందా రొద?
అన్నం ఉడికీటప్పుడు మూత కింద ఆవిరి లాగ.
బయపడకు, అది కోపం కాదు.
కోపం రొద ఏరు.

గెడ్డ దాటాల, ఇంకో రెండు కొబ్బరితోటలు దాటాల.
ఇటేపే దించీసినావంటే
తెల్లారి మేతకెళ్లినవన్నీ మా పెరట్లోకే ఒచ్చి
పెట్టెనేని బల్ల సుట్టూ తిరుగుతాయి.

బల్ల కొట్టించినావా?
నాలుగు కాళ్ల కిందా నాలుగు గిన్నిలు, నీళ్లు పొయ్యి.
మొగం తూరుపుకి.
పొద్దు పొడిసీసరికి ఎచ్చబడాల,
మజ్జానానికి జీడిసెట్టు నీడ పడాల.
తలకి వాసన నూనె రాసుకుని మూత తియ్యకు.
కొబ్బరి పీసు పొగ రెండు సార్లు, అంతే.
సట్రం ఎత్తి, పొద్దుని ఈపుకేసుకుని సూడు.
గది అడుగున నూకగింజ నిలబెట్టినట్టు
సన్నంగా గుడ్డు కనబడితే సాలు,
రాణీగ కోసం ఎతక్కు.
రాణంటారు గాని దానికేటి రాణీతనం?
కూలీగలు పెడితే తింటాది.
గుడ్లు తగ్గితే ఆ కూలీగలే ఇంకోదాన్ని పెంచుతాయి.

మొదటేడు నాను సేసింది సెప్తాను, నవ్వకు.
జీడిపూత దండిగా ఒచ్చింది.
పై అర నిండితే పిండినాను.
ఆశ సావక కింద అర మీద సెయ్యేసినాను,
పిల్లలున్న అర.
ఏడు సీసాలు పలాసలో అమ్మి
మిక్సీ కొన్నాను.
ఆసాడంలో ముసురు పట్టింది, పువ్వన్నది నేదు.
ఓ పొద్దు మూత తీస్తే
సాలీడు, తెల్లపురుగు తిన్న మైనం.
ఒక్క ఈగ నేదు.
సచ్చిపోనేదే, ఎళ్లిపోనాయి.
మిక్సీ ఇప్పటికీ బాగానే తిరుగుద్ది,
పచ్చడి నూరినప్పుడల్లా అదే రొద.

మరుసటేడు ముసుర్లో
కొబ్బరి సిప్పల్లో పంచదార పాకం పెట్టినాను,
మునిగిపోకుండా గడ్డిపుల్లలు అడ్డమేసి,
పొద్దుగూకినాక.
'టీలోకి నేదు గాని ఈగలకేటే పంచదార?' అన్నాడు మీ బావ.
నిరుడు ఆటి తిండి మనం తిన్నాం గదా, అన్నాను.
ఏటీ అన్నేదు.
మర్నాడు అరకేజీ పొట్లం గూట్లో ఉంది.

మీ పక్కతోట లోకనాదం మావ
పూత మీద మందు కొడతాడు.
తగువు పడకు, ముందురోజు సెప్పమను,
పొద్దుగూకినాక కొట్టమను.
నాను తగువు పడి ఓ పెట్టె పోగొట్టుకున్నాను,
సాపలో ఎత్తితే సేరు ఈగలు.

నీ ఏళ్లు జీడిరసానికి కాలి మొద్దుబారినాయి,
కుట్టినా తెలీదంటావు.
తెలాల, డిల్లేస్సరీ.
తెలీని సెయ్యి సట్రాన్ని గట్టిగా దించుద్ది,
కింద ఎన్ని నలిగినాయో దానికి తెలీదు.
ముల్లు గిల్లి పీకకు, గోటితో పక్కకి గీకు,
ఆ వాసనకి ఇంకోటి ఒస్తాది.
నానూ పదకొండేళ్లు బట్టీ కాడే కూకున్నాను గదా.
మొన్న కార్తీకంలో
ఏలి సివర ఒకటి ఎక్కి నడిసింది.
ఆరు కాళ్లూ తెలిసినాయి నాకు.
సట్రం అలా అట్టుకునే కూలబడిపోనాను.

ఇదిగో, గెడ్డ.
నానిక్కడే ఆగిపోతాను, గుంటడు ఒక్కడే ఉన్నాడు ఇంట్లో.
సీర ఎగ్గట్టు. రాయి మీద కాలెయ్యకు, నాసు.
డబ్బుల ఊసు ఇప్పుడొద్దు, పై అర నిండినాక సూద్దాం.
గడ్డి పక్కనుంచి లాగు, ఎదురుగా నిలబడకు.
వారం దాకా మూత ముట్టుకోకు.

ఎక్కినావా అటొడ్డుకి?
ఒలే!
ఇనబడతందా?
గిన్నిల్లో నీళ్లు —